గీత నుంచి బిందువుకు: తెలుగు బడుల్లో భిన్నాల బోధన, దశాంశ పద్ధతి ప్రవేశం

వ్యాససంగ్రహం

తెలుగు వీధిబడుల్లో భిన్నాలను నాలుగేసి వంతుల చొప్పున నేర్పేవారు. ఆ భిన్నాలకు స్థానవిలువ గల ప్రత్యేక లిపి కూడా ఉండేది. 1957లో దశాంశ నాణేలు వచ్చాక బడిలో దశాంశ భిన్నాలకు ప్రధాన ఆధారం రూపాయి-పైసా అయింది. అయితే పాత లెక్కల్లో రూపాయిని, అణాను, పైసాను విడదీసిన అడ్డగీత స్థానంలోనే బిందువు నిలిచిందనీ, నేటి పిల్లల్లో కనిపించే ప్రధానమైన పొరపాట్లకు ఈ వారసత్వంతో సంబంధం ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీధిబడి, చతుర్థాంశ భిన్నాలు, వీసం, కాని, నయాపైసా, దశాంశ బిందువు, స్థానవిలువ

1. బళ్ళారి నివేదిక

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. వచ్చిన సమాధానాలలో ఎక్కువభాగం బడులెన్ని, పిల్లలెందరు అన్న పట్టికలకే పరిమితం. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో సమర్పించిన నివేదిక మాత్రం బడిలో చదువు ఎలా సాగుతున్నదో కూడా నమోదు చేసింది. ఆయన అప్పటికే తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును రచించి ప్రకటించినవాడు కావడం వల్ల ఇది సాధ్యపడిందని భావించవచ్చు.

నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసివున్న నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయనీ, వాటిలో 235 కన్నడం, 226 తెలుగు నేర్పేవనీ ఆయన లెక్కించాడు. మొత్తం విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభా తొమ్మిది లక్షలకు పైమాటే. కనుక వీధిబడి గణితం గురించి చెప్పే ఏ మాటయినా సమాజంలో ఒక చిన్న భాగానికి సంబంధించినదేనన్న ఎరుక అవసరం.

ఇసుకలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు క్రమంగా కూడికలు, తీసివేతలు, డబ్బు లెక్కలు, కొలతల మార్పిడి నేర్చుకుంటాడని వివరిస్తూ కాంప్‌బెల్ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. పూర్ణాంకంలోని భాగాలను నేర్పడానికి ఉపాధ్యాయులు ఎంతో శ్రమ తీసుకుంటారనీ, ఆ భాగాలు ఆంగ్లేయుల దశాంశాల వలె పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున దిగుతాయనీ, ఆ దిగుడు చాలా దూరం సాగుతుందనీ ఆయన రాశాడు. ఈ భిన్నాలు, ఎక్కాలు, కొలమానాలు నోటికి రావడం కోసం పిల్లలు రోజుకు రెండుసార్లు వరుసల్లో నిలబడి, ముందు నిలిచినవాడు చెప్పగా అందరూ అప్పజెప్పేవారు.

దేశీయ విద్య చరిత్రకారులు ఈ నివేదికను తరచుగా ఉదాహరించారు. అయితే వారి దృష్టి బడుల సంఖ్య మీద, వాటి క్షీణతకు కారణాల మీద నిలిచినంతగా ఈ నాలుగేసి చొప్పు దిగే భిన్నాల మీద నిలవలేదు. గణిత బోధన చరిత్రకు మాత్రం నివేదికలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే.

2. నిలువు గీత, అడ్డ గీత

ఒకటిలో నాలుగో వంతు పావు. పావులో నాలుగో వంతు, అంటే పదహారో వంతు, వీసం. వీసంలో నాలుగో వంతు, అంటే అరవై నాలుగో వంతు, కాని. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు పైసలు ఉన్న కాలంలో రూపాయిలో పావు పావలా, వీసం అణా, కాని పైసా. మధ్యలో ఎనిమిదో వంతుకు పరక, రెండణాలకు బేడ అన్న పేర్లు ఉండేవి. ధాన్యపు కొలతల్లోనూ ఇదే పోకడ: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము. ప్రాంతాన్ని బట్టి పరిమాణాలు మారినా, సగం చేయడం, సగాన్ని మళ్ళీ సగం చేయడం అన్న సూత్రం మారలేదు.

ఇవి ఉత్త పేర్లే అయితే ఇందులో గణితపరమైన విశేషం పెద్దగా లేదు. విశేషమంతా వీటిని రాసిన తీరులో ఉంది. పావు స్థానంలోని సంఖ్యను నిలువు గీతలతో రాసేవారు. పావుకు ఒక గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. తరువాతి వీసాల స్థానంలో అడ్డ గీతలు. మళ్ళీ కాని స్థానంలో నిలువు గీతలు. ఇలా స్థానం మారినప్పుడల్లా గీత దిశ మారుతుంది. నిలువు గీతల స్థానంలో ఏమీ లేనప్పుడు రాయడానికి ప్రత్యేకమైన హళ్ళి గుర్తు ఉంది. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో ఈ గుర్తులన్నిటికీ తెలుగు లిపిలో భాగంగా స్థానం లభించింది.

మూడు రూపాయల అయిదణాల ఒక పైసాను తీసుకుంటే, అయిదణాలంటే ఒక పావలా, ఒక అణా. కనుక 3 అంకె వేసి, పక్కన ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, మళ్ళీ ఒక నిలువు గీత గీస్తే సరిపోతుంది. హారం ఎక్కడా రాయనక్కరలేదు. గీత ఉన్న చోటే దాని హారాన్ని చెబుతుంది. దశాంశ భిన్నంలోని మూలభావన కూడా ఇదే. తేడా అల్లా పదికి బదులు నాలుగు ఆధారం కావడం.

ఈ పద్ధతిని గురించి అతిశయోక్తులకు పోవడం తగదు. పూర్ణాంకం పది ఆధారంగానూ, భిన్నం నాలుగు ఆధారంగానూ నడవడం దీనిలోని పెద్ద లోపం. కూడేటప్పుడు భిన్నాల వైపు నాలుగు కాగానే ఒకటి చేబదులు, పూర్ణాంకాల వైపు పది కాగానే ఒకటి చేబదులు. కరణం లెక్కలకు ఇది చాలు. గుణకార భాగహారాలకు మాత్రం రెండు వైపులా ఒకే నియమం వర్తించదు. పైగా వల్లెవేతను అవగాహనగా పొరబడరాదు. వరుసలో నిలబడి కాని వరకూ అప్పజెప్పిన పిల్లవాడికి ఎంత అర్థమైందో ఆ నివేదిక నుంచి తేల్చలేం. ఒక్కటి మాత్రం స్పష్టం: ఒకే పనిని, అంటే నాలుగుగా పంచడాన్ని, మళ్ళీ మళ్ళీ చేస్తూ పోవచ్చుననీ, ప్రతిసారీ ఒక కొత్త స్థానం పుడుతుందనీ ఆ లిపి కంటికి చూపించింది.

3. పదో వంతు ఆలస్యంగా రావడం

పూర్ణాంకాలకు దశాంశ స్థానవిలువను ప్రపంచానికి అందించిన దేశంలో భిన్నాలకు ఆ పద్ధతి విస్తరించకపోవడం మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో భిన్నాలను విపులంగా చర్చించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు చేశాడు. అయితే అక్కడి భిన్నాలు లవ, హారాలతో కూడినవే. పదో వంతులను స్థానాలుగా రాయడం 10వ శతాబ్దిలో డమాస్కస్‌కు చెందిన అల్ ఉక్లిదిసీ రచనలోనూ, 15వ శతాబ్దిలో సమర్ఖండ్‌లో అల్ కాషీ రచనలోనూ కనిపిస్తుంది. ఐరోపాలో దీనికి ప్రచారం కల్పించినది 1585లో సైమన్ స్టెవిన్ ప్రకటించిన ‘ద టీండె’ అన్న చిన్న పుస్తకం. ఆ పేరుకు ‘పదో వంతు’ అని అర్థం. స్టెవిన్ దానిని ఖగోళజ్ఞులతో పాటు భూమి కొలిచేవారికి, వర్తకులకు ఉద్దేశించాడు. నాణేలను, కొలతలను కూడా పదుల్లోకి మార్చాలని సూచించాడు. బజారు మారితే తప్ప లెక్క మారదని ఆయన గ్రహించాడన్నమాట. తెలుగునాట ఆ మార్పు రావడానికి మరో 372 సంవత్సరాలు పట్టింది.

4. నయాపైసా

భారత నాణేల చట్టాన్ని 1955లో సవరించారు. ఆ సవరణ 1957 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 64 పైసల రూపాయి 100 నయాపైసల రూపాయి అయింది. 1964 జూన్ 1న ‘నయా’ అన్న మాట తొలగిపోయింది. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయింది. వీశె, మణుగు, శేరు స్థానాన్ని కిలో, గ్రాము ఆక్రమించాయి.

పాత అణాకు సరిగ్గా 6.25 నయాపైసలు. అటువంటి నాణెం లేదు కనుక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని సవరించిన పట్టిక అమలయింది. ఆ ప్రకారం అణా చొప్పున నాలుగుసార్లు చెల్లించినవాడు 24 నయాపైసలు, ఒకేసారి నాలుగణాలు చెల్లించినవాడు 25 నయాపైసలు ఇవ్వాలి. సవరింపు ఎక్కడ చేయాలన్న గణిత సమస్యను బడికన్నా ముందు బజారు ఎదుర్కొన్నది.

మాటల్లో మార్పు ఇంకా నెమ్మదిగా సాగింది. 25 పైసలు దశాబ్దాల తరబడి పావలాగానే చలామణీ అయ్యాయి. సంపూర్ణతకు ‘పదహారణాలు’, అత్యల్పానికి ‘వీసమెత్తు’ నేటికీ తెలుగులో సజీవంగా ఉన్నాయి.

5. బిందువు దేనికి వారసురాలు?

పాత చిట్టాల్లో రూపాయలు, అణాలు, పైసలను 3-5-1 అని మధ్యలో అడ్డగీతలతో రాసేవారు. ఆ గీత స్థానవిలువకు గుర్తు కాదు. రెండు వేర్వేరు ప్రమాణాలను విడదీసే కంచె మాత్రమే. గీతకు ఒక పక్క రూపాయలు, మరో పక్క అణాలు. రెండూ పూర్ణాంకాలే. 1957 తరువాత అదే చోట బిందువు నిలిచింది. రూ. 3.33ను ‘మూడు రూపాయల ముప్పైమూడు పైసలు’ అని చదవడంలో తప్పేమీ లేదు. కానీ అలా చదివినంతసేపూ బిందువు కంచెగానే ఉంటుంది. ముప్పైమూడు పూర్ణాంకంగానే ఉంటుంది. మొదటి 3 పదో వంతులనీ, రెండవ 3 వందో వంతులనీ చెప్పవలసిన అవసరమే రాదు. పిల్లల చేతికి పది పైసల నాణెం వచ్చింది కానీ, దానిని ‘రూపాయిలో పదో వంతు’ అని పిలిచే అలవాటు మాత్రం రాలేదు.

భూమి లెక్కల్లో ఈ సంగతి మరింత తేటపడుతుంది. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు. కనుక 3.20 ఎకరాలంటే 3 ఎకరాల 20 సెంట్లు. ఇది నిజమైన దశాంశం. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. అక్కడ 3.20 అని రాస్తే 3 ఎకరాల 20 గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఒకే రాత, ఒకే బిందువు, రెండు విలువలు. క్రికెట్‌లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. పిల్లలు దశాంశ పాఠం చదవకముందే ఇటువంటి బిందువులతో పరిచయం పెంచుకుని తరగతికి వస్తారు.

6. తరగతి గదిలో

లారెన్ రెజ్నిక్, పెర్ల నెషర్ తదితరులు అమెరికా, ఇజ్రాయెల్, ఫ్రాన్స్ పిల్లల మీద జరిపి 1989లో ప్రకటించిన అధ్యయనం దశాంశాలను పోల్చడంలోని పొరపాట్లు యాదృచ్ఛికం కావని చూపింది. కొందరు పిల్లలు అంకెలు ఎక్కువ ఉన్నదే పెద్దదంటారు. వారి దృష్టిలో 0.3 కన్నా 0.125 పెద్దది. మరికొందరు అంకెలు తక్కువ ఉన్నదే పెద్దదంటారు. వెయ్యో వంతులు చిన్నవి కనుక అవి ఉన్న సంఖ్య చిన్నదని వారి తర్కం. మొదటి పొరపాటు బిందువును కంచెగా చదవడం నుంచి వస్తుంది. రెండవది భిన్నాల జ్ఞానాన్ని సగంలో ఆపేయడం నుంచి.

రూపాయి-పైసా లెక్కలు ఈ పొరపాటును సరిచేయకపోగా దాచిపెడతాయి. రూ. 3.25, రూ. 3.40లలో ఏది ఎక్కువని అడిగితే 25, 40లను పూర్ణాంకాలుగా పోల్చినా సరైన జవాబే వస్తుంది. పైసలకు ఎప్పుడూ రెండు స్థానాలే కనుక తప్పు నియమం ఎప్పుడూ బయటపడదు. పిల్లవాడికి నూటికి నూరు మార్కులు రావచ్చు. తరువాత కిలోగ్రాముల లెక్క వస్తుంది. అక్కడ మూడు స్థానాలు. 2 కిలోల 50 గ్రాములను అదే పిల్లవాడు 2.50 అని రాస్తాడు. రాయవలసినది 2.050. అజాగ్రత్త వల్ల జరిగిన తప్పు కాదిది. డబ్బు లెక్కలో నేర్చిన నియమాన్ని నిజాయితీగా పాటించడమే.

తెలుగు పరిభాష కూడా కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. ‘దశాంశం’ అన్న మాటకు పదో వంతు అనీ, మొత్తం పద్ధతి అనీ రెండర్థాలు. ‘దశాంశ స్థానం’ అంటే బిందువు తరువాతి మొదటి స్థానమా, బిందువు తరువాతి ఏ స్థానమైనా కావచ్చునా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. పదో వంతు, వందో వంతు, వెయ్యో వంతు అన్న మాటలు ఈ చిక్కు లేనివి. వీసం, కాని అన్న మాటల వలె ముందున్న దానిలోని వంతును సూచించే వీలు కూడా వాటికి ఉంది: పదో వంతులో పదో వంతు వందో వంతు. 0.125ను ‘సున్నా పాయింట్ నూట ఇరవై అయిదు’ అని కాక ‘ఒక పదో వంతు, రెండు వందో వంతులు, అయిదు వెయ్యో వంతులు’ అని చదివించినప్పుడు 0.3తో పోలిక మొదటి స్థానం దగ్గరే తేలిపోతుంది.

25 పైసలు, అంతకన్నా తక్కువ విలువ గల నాణేల చలామణీని 2011 జూన్ 30 నుంచి ప్రభుత్వం రద్దు చేసింది. అందువల్ల పాఠ్యపుస్తకంలోని పైసల లెక్క పిల్లల చేతిలో వస్తువుగా లేదు. పెట్రోలు బంకు మీటరు మీద, బ్యాంకు ఖాతాలో కనబడే అంకెగానే మిగిలింది. బోధనకు ఇది నష్టమే అయినా దీనివల్ల దారి కొంత సుగమమైంది కూడా. మీటరు పొడవు కాగితపు పట్టీని పది సమభాగాలుగా మడిచి, ఒక భాగాన్ని మళ్ళీ పదిగా గుర్తించి, దానిలో ఒకదానిని మళ్ళీ పదిగా విభజిస్తే మిల్లీమీటరు దాకా చేరవచ్చు. రెండో స్థానం దగ్గర ఆగవలసిన పని లేదు. తెలంగాణ బడిలో అయితే పట్టాదారు పాసుపుస్తకమే మంచి పాఠం కాగలదు. 2.30 ఎకరాలకు 1.20 ఎకరాలు కలిపితే దశాంశాలుగా 3.50 వస్తుంది. గుంటల లెక్కలో 4 ఎకరాల 10 గుంటలు వస్తుంది. ఆ రెండు జవాబుల్లో తమ ఇంటి భూమికి ఏది వర్తిస్తుందో, ఎందుకు వర్తిస్తుందో చెప్పమని పిల్లలను అడగవచ్చు.