రమణారెడ్డి: మా జిల్లా నటుడు, మా జిల్లా మాట

నెల్లూరులో మద్రాసు బండి ఎక్కినవాడు మా గూడూరు మీదుగా పోవలసిందే. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటిన తరువాతే తమిళదేశం. తెలుగు సినిమా యావత్తూ మద్రాసులో కాపురమున్న రోజుల్లో, వేషాల కోసం నెల్లూరులో రైలెక్కిన ప్రతివాడూ ఈ జంక్షన్‌లో కాసేపు ఆగి, కిటికీలోంచి మా ఊరిని చూసి పోయినవాడే. వారిలో కొందరు పెద్ద నటులయ్యారు. వారి పేర్లు మనకు తెలుసు, బతుకులు తెలియవు.

ఈ సంగతి నాకు తట్టడానికి కారణం మా మేనల్లుడు. మొన్నొక రాత్రి ఇంట్లో అందరం కూర్చుని 'గుండమ్మ కథ' మళ్లీ చూస్తున్నాము. ఘంటయ్య నోరు విప్పగానే వాడు ఉలిక్కిపడి, "ఈయనెవరు మామా, మన మాదిరే మాట్లాడతుండాడు!" అన్నాడు. రమణారెడ్డి అన్నాను. ఏ ఊరు, సినిమాల్లోకి రాకముందు ఏంచేసేవాడు, ఎప్పుడు పోయాడు అని వరసగా అడిగాడు. పేరు తప్ప మరొకటి వెంటనే చెప్పలేకపోయాను. సినిమా చరిత్ర మీద తోచినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకునే నాకు అది చిన్నతనంగానే అనిపించింది. ఈ వ్యాసం వాడికి ఇవ్వవలసిన జవాబు.

ఆయన పూర్తి పేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. 1921లో నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టారు. సినిమాలకు రాకముందు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆ ఉద్యోగం ఎటువంటిదో తలచుకుంటే నాకు ఆయన నటనకు ఒక తాళంచెవి దొరికినట్లుంటుంది. ఇంటింటికీ, అంగడంగడికీ తిరిగి మురుగునూ చెత్తనూ చూసేవాడికి మనుషులు తమ తప్పును ఎట్లా దాచుకుంటారో, అధికారిని చూడగానే ముఖం ఎట్లా మారుస్తారో, తగ్గవలసిన చోట ఎంత వినయంగా తగ్గుతారో తెలిసి ఉంటుంది. తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఆయన తెరమీద చూపింది ఆ ముఖాలనే. ఇది నా ఊహ, అంతకుమించి బలమైన ఆధారమేమీ నేను చెప్పబోవడం లేదు.

అప్పటి నెల్లూరు జిల్లా నాటకానికి మంచి నేల. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో రమణారెడ్డి పుట్టిన ఏడే పుట్టిన కిళాంబి వెంకట నరసింహాచార్యులు, ఆచార్య ఆత్రేయగా 'ఎన్.జి.ఓ.' వంటి నాటకాలు రాసి గుమాస్తా బతుకును రంగస్థలం మీదికి తెచ్చాడు. రెవెన్యూ శాఖ ఉద్యోగం వదులుకుని వెళ్లిన రాజనాల 1953లో హెచ్.ఎం.రెడ్డి 'ప్రతిజ్ఞ'తో తెరకెక్కాడు. రమణారెడ్డీ ఆ రోజుల్లోనే మద్రాసు చేరారు. 1952 నాటి 'మానవతి' ఆయన తొలి చిత్రాలలో ఒకటి.

ఆయనను మనం హాస్యనటుడన్న గదిలో పెట్టి తలుపు వేశాము. నా అభ్యంతరం అక్కడే. అమెరికాలో వాల్టర్ బ్రెన్నన్ అనే నటుడుండేవాడు. అతడు ముసలివాడిగానో, పిసినారిగానో, నాయకుడి వెంట తిరిగే సణుగుడు మనిషిగానో కనిపించేవాడు. 1936 చిత్రాలతో సహాయనటులకు ఆస్కారు బహుమతి ఇవ్వడం మొదలుపెడితే, మొదటి అయిదేళ్లలో మూడు అతడికే దక్కాయి. నవ్వించినా, ఏడిపించినా, భయపెట్టినా అతడిని అక్కడివారు క్యారెక్టర్ యాక్టరనే పిలిచారు, అంటే మన గుణచిత్ర నటుడు. మన దగ్గర ఆ మాట గుమ్మడికీ, నాగయ్యకూ, రంగారావుకూ చెల్లింది. నవ్వు తెప్పించినవాడికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు.

1955వ సంవత్సరాన్ని చూడండి. ఆ ఏడు 'మిస్సమ్మ'లో ఆయన డేవిడ్. మేరీ తండ్రికి అప్పిచ్చి, ఆ అప్పును అడ్డుపెట్టుకుని ఆమెను పెళ్లాడాలని చూసే మనిషి. కథ మొత్తాన్ని కదిలించేది ఈ అప్పే. డేవిడ్ ఒత్తిడి లేకపోతే మేరీ పరాయి మగవాడికి భార్యగా నటిస్తూ అప్పారావుపేటలో ఉద్యోగానికి పోవలసిన అవసరమే లేదు. ఆ పాత్రను గంభీరమైన ప్రతినాయకుడికి ఇచ్చి ఉంటే సినిమా బరువెక్కి కూలబడేది. కేవలం హాస్యగాడికి ఇచ్చి ఉంటే మేరీ భయానికి అర్థమే ఉండేది కాదు. రమణారెడ్డి ఈ రెంటి నడుమ నిలబడ్డారు. ఆయన తలుపు తట్టగానే మనకు నవ్వొస్తుంది, మేరీకి గుండె జారుతుంది.

అదే ఏడు తాపీ చాణక్య 'రోజులు మారాయి'లో ఆయన కరణం సాంబయ్య, భూస్వామి పక్షాన నిలిచే గ్రామాధికారి. నా దృష్టిలో ఆయన పాత్రల్లో చరిత్రకారుడికి అన్నిటికంటె ఎక్కువ పనికివచ్చేది ఇదే. కరణమంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలంటే కష్టం. ఊరి భూముల లెక్కలు ఆయన చేతిలో ఉండేవి. ఏ పొలం ఎవరిదో, శిస్తు ఎంతో, బంజరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆయన దస్త్రం చెప్పాలి. చదువురాని రైతుకు ఆ దస్త్రం బ్రహ్మరాత. మంచి కరణాలు లేకపోలేదు, కానీ కలంపోటుకు పొలాలు పోగొట్టుకున్న కుటుంబాల కథలు మా వైపు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. 1984లో నందమూరి తారకరామారావు ప్రభుత్వం వంశపారంపర్యపు గ్రామాధికారాలను రద్దుచేసింది. 'మిస్సమ్మ'లో డేవిడ్‌కు ఎదురు నిలిచిన కథానాయకుడే ముఖ్యమంత్రిగా సాంబయ్యల ఉద్యోగాలను తీసివేశాడన్నమాట! చట్టం రద్దుచేసిన ఆ మనిషి నడక, నంగితనం, ఓరచూపు ఎట్లా ఉండేవో ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ దొరకవు. తెరమీద దొరుకుతాయి.

1957లో 'మాయాబజార్' వచ్చింది. అందులో ఘటోత్కచుడి కొలువులోని మాయల గురువు చినమయ. లంబు, జంబు అనే శిష్యులను వెంటేసుకుని కౌరవుల కన్నులకు గంతలు కట్టే పని ఆయనది. ఎస్.వి.రంగారావు నిండు విగ్రహం పక్కన ఈ ఎముకలగూడు నిలబడితే ఎవరు ఎవరికి గురువో అనిపిస్తుంది, ఆ తారుమారులోనే నవ్వు పుడుతుంది. నిజ జీవితంలోనూ రమణారెడ్డికి ఇంద్రజాలం మీద మోజు ఎక్కువ. సామగ్రి తెప్పించుకుని సాధనచేసి, సేవాసంస్థల సహాయార్థం ప్రదర్శనలు కూడా ఇచ్చారు. తెరమీది మాయ మార్కస్ బార్‌ట్లీ కెమెరాది. సభలో చేసిన గారడీ మాత్రం ఆయన సొంత చేతులది.

దేహమే ఆయనకు సగం పాత్ర. లావుపాటి రేలంగి పక్కన నిలబడితే చాలు, మాట అవసరం లేదు. సూర్యకాంతం ఎదుట వంగి నిలబడితే మరీ చాలు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో ఘంటయ్య గుండమ్మ ఇంట చేరి, సరోజను భూపతికి కట్టబెట్టాలని ఎత్తులు వేస్తాడు. ఆ భూపతి వేషం రాజనాలది. నెల్లూరు నుంచి వచ్చిన ఇద్దరు, ఒకరు భయపెట్టి, ఒకరు నవ్వించి, ఒకే కుట్రను మోశారు.

ఇక మాట సంగతి. మా మేనల్లుడు ఉలిక్కిపడింది దానికే. ఆ కాలపు తెర మీద కృష్ణా గోదావరి మండలాల భాషే మర్యాదస్తుల భాష. నాయకుడూ నాయికా మాట్లాడేది అదే. రమణారెడ్డి తన నెల్లూరు యాసను వదులుకోలేదు. ఆ సాగదీత, ఆ విరుపు మా ఊరి నిమ్మకాయల మార్కెట్టులో బేరాల వేళ ఇప్పటికీ వినిపిస్తాయి. చిన్నప్పుడు ఆయన గొంతు వింటే మాకు గర్వం. పై చదువులకు ఊరు దాటాక, నోరు తెరవగానే తోటివాళ్లు నవ్వినప్పుడు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. మా యాస మాట్లాడేవాడు తెరమీద ఎప్పుడూ తగవులు పెట్టేవాడూ, అప్పులు వసూలుచేసేవాడూ, పుల్లలు విరిచేవాడూనా? ఆ నవ్వులో ఆయన పాత్రల పాలు ఎంత?

చాలా ఏళ్లు నేను ఆ ప్రశ్నను ఆయన మీదనే మోపాను. ఇప్పుడు అది అన్యాయమనిపిస్తోంది. ఆ పాత్రలు రాసింది ఆయన కాదు. ఇచ్చిన వేషానికి తన ఊరి గొంతును అరువిచ్చారు. ఆ గొంతు అక్కడ నిలిచింది కనుకనే, తరువాతి కాలంలో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' చదువుతున్నప్పుడు, ఇదే మాట కన్నీళ్లు పెట్టించగలదనీ, ప్రేమించగలదనీ మేము గుర్తుపట్టాము. నవ్వుకోసమైనా మొదట చెవినపడాలి కదా.

1974 నవంబరు 11న రమణారెడ్డి కన్నుమూశారు. వయస్సు యాభైమూడు. మరుసటి ఏడు రేలంగి కూడా వెళ్లిపోయారు. నంది పురస్కారాలు 1964లోనే మొదలైనా, వాటిలో గుణచిత్ర నటుడికి ఎస్.వి.రంగారావు పేరిట బహుమతి ఏర్పడేనాటికి ఈయన లేరు. ఉన్నా ఇచ్చి ఉండేవారా అన్నది నాకు అనుమానమే.

మా వాడికి ఈ కథంతా చెప్పాను. ఓపికగా విని, "అయితే మామా, గుండమ్మ కథ ఇంకోసారి పెట్టు, ఘంటయ్య వచ్చేకాడికి చాలు" అన్నాడు. పెట్టాను. ఈసారి వాడు నవ్వుతూనే, పక్కన ఆ మాటలను మెల్లగా పలికి చూసుకున్నాడు.