యజమాని ఖాతా, కార్మికుని భృతి: విస్కాన్సిన్ నిరుద్యోగ బీమాలో యాజమాన్యాల పాత్ర

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ఉద్యోగి పని పోయిందని నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకోగానే అక్కడి వర్క్‌ఫోర్స్ డెవలప్‌మెంట్ శాఖ పాత యజమానికి నోటీసు పంపుతుంది. ఎప్పుడు మానేశాడు, తనే మానేశాడా, మీరు తీసేశారా, తీసేస్తే కారణమేమిటి? ఈ ప్రశ్నలకు కొద్ది రోజుల్లోనే జవాబు రావాలి. ఆ జవాబు ఇచ్చే యజమాని ఈ వ్యవహారంలో బయటివాడు కాడు. భృతి నిధికి పన్ను కట్టేది అతనే. భృతి మంజూరైతే సొమ్ము తగ్గేది అతని పేరిట ఉన్న ఖాతాలోనే. ఉద్యోగం ఎలా పోయిందో చెప్పవలసిన ముఖ్య సాక్షి కూడా అతనే. మంజూరు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లే కక్షిదారూ అతనే. ఇన్ని పాత్రలు ఒకే చోట పడడం పొరపాటున జరిగింది కాదు. దాని వెనక ఒక మంచి ఉద్దేశం ఉంది. ఉద్యోగాల కోతను తగ్గించడానికి పుట్టిన ఆ ఏర్పాటు క్రమంగా దరఖాస్తులను తగ్గించే ఒత్తిడిగా కూడా ఎలా మారిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలో మొదటి నిరుద్యోగ బీమా చట్టం విస్కాన్సిన్‌దే. 1932 జనవరి 28న గవర్నర్ ఫిలిప్ లా ఫాలెట్ దానిపై సంతకం చేశారు. ఆలోచన మాత్రం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త జాన్ ఆర్. కామన్స్‌ది. 1911లో ఆ రాష్ట్రం తెచ్చిన ప్రమాద పరిహార చట్టం ఆయనకు దారి చూపింది. కార్మికుడు గాయపడితే ఖర్చు యజమాని మీద పడేసరికి కర్మాగారాల్లో యంత్రాలకు రక్షణ కంచెలు వచ్చాయి, జాగ్రత్తలు పెరిగాయి. నిరుద్యోగానికీ అలాగే వెల కడితే యజమాని సీజను అయిపోగానే మనుషులను పంపేయకుండా ఏడాది పొడవునా పని సర్దుకుంటాడన్నది కామన్స్ నమ్మకం. అందుకే విస్కాన్సిన్ చట్టం ఒక్కో యజమానికి ఒక్కో ఖాతా తెరిచింది. ఒహాయో రాష్ట్రంలో కొందరు నిపుణులు దీన్ని ఒప్పుకోలేదు. నిరుద్యోగం ఏ ఒక్క యజమాని చేతిలోనూ ఉండదనీ, అందరి సొమ్మూ ఒకే నిధిలో ఉండాలనీ వాళ్ల వాదన. 1930ల మాంద్యాన్ని కళ్లారా చూసినవారికి ఆ వాదనే బలంగా తోచాలి. అయినా ఇవాళ దేశమంతటా కనిపించేది ప్రధానంగా విస్కాన్సిన్ ముద్రే. 1935 ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టం వచ్చినప్పుడు, దాన్ని రూపొందించిన కమిటీకి కార్యనిర్వాహక డైరెక్టరు విస్కాన్సిన్‌కు చెందిన ఎడ్విన్ విట్టే. దేశంలో ఈ బీమా కింద మొదటి చెక్కు 1936 ఆగస్టులో మాడిసన్ నగరంలోనే వెలువడింది. దాని మొత్తం 15 డాలర్లు.

కేంద్ర చట్టం రాష్ట్రాలను బలవంతం చేయలేదు, ఆశ చూపింది. ఇప్పటి లెక్క ప్రకారం ప్రతి ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద యజమాని 6 శాతం కేంద్ర పన్ను కట్టాలి. రాష్ట్ర బీమా పన్ను సకాలంలో కట్టినవారికి అందులో 5.4 శాతం మినహాయింపు. అంటే మిగిలేది తలకు 42 డాలర్లు. ఆ 7,000 పరిమితి 1983 నుంచి కదలలేదు. రాష్ట్రం తన నిధి ఖాళీ అయి కేంద్రం దగ్గర అప్పు చేసి, గడువులోగా తీర్చకపోతే ఈ మినహాయింపు ఏటా 0.3 శాతం చొప్పున తగ్గుతుంది. భారం యజమానుల మీదే పడుతుంది. కోవిడ్ కాలపు అప్పు తీరకపోవడం వల్ల కాలిఫోర్నియా యజమానులకు జరిగింది ఇదే.

ఖాతా నడిచే తీరు కొంచెం దగ్గరగా చూడాలి. విస్కాన్సిన్‌లో ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 14,000 డాలర్ల మీద రాష్ట్ర పన్ను పడుతుంది. 40 మంది పనిచేసే ఒక చిన్న కర్మాగారాన్ని ఊహించుకుందాం. పన్ను పడే జీతాల మొత్తం 5,60,000 డాలర్లు. జూన్ 30 నాటికి ఖాతాలో నిల్వ 56,000 ఉంటే, నిల్వ నిష్పత్తి 10 శాతం. వచ్చే ఏడాది పన్ను రేటును తేల్చేది ఈ నిష్పత్తే. ఆ ఏడు ఇద్దరిని తీసేశారనుకుందాం. వారానికి గరిష్ఠ భృతి 370 డాలర్లు, గరిష్ఠంగా 26 వారాలు. ఇద్దరూ పూర్తిగా తీసుకుంటే 19,240 డాలర్లు పోతాయి. మరేమీ మారకపోతే నిష్పత్తి 6.6 శాతానికి దిగుతుంది, పన్ను రేటు పైకి పోతుంది. ఇద్దరి భృతి రాబోయే ఏళ్లలో అందరి జీతాల మీదా కట్టే పన్నును మారుస్తుందన్నమాట. దీన్నే అక్కడ ఎక్స్‌పీరియన్స్ రేటింగ్ అంటారు. నిష్పత్తి తదుపరి మెట్టుకు కాస్త దూరంలో ఆగిపోతే, నవంబరులోగా స్వచ్ఛందంగా కొంత సొమ్ము జమచేసి తక్కువ రేటు తెచ్చుకునే వీలు కూడా ఉంది.

కొన్ని సందర్భాల్లో ఉద్యోగి తనంతట తాను మానేసినా చట్టం ఒప్పుకునే కారణం ఉంటే భృతి దక్కుతుంది. అప్పుడు ఆ ఖర్చును యజమాని ఖాతాకు రాయకుండా అందరికీ ఉమ్మడిగా ఉన్న బ్యాలెన్సింగ్ ఖాతాకు రాస్తారు. ఒహాయో వాదుల ఆలోచన విస్కాన్సిన్‌లో చోటు చేసుకున్నది ఇక్కడే.

ఇక వివాదాల సంగతి. వెల కట్టిన చోట దాన్ని తప్పించుకునే దారులు రెండుంటాయి. ఒకటి మనుషులను తీసేయకపోవడం, కామన్స్ కోరుకున్నది అదే. రెండోది తీసేసినవారికి భృతి రాకుండా చూడటం. రెండోది చవక. అందుకే యజమానుల తరఫున నోటీసులకు జవాబులిచ్చి, విచారణలకు హాజరయ్యే సంస్థలే పుట్టుకొచ్చాయి. పోట్లాట ఎక్కువగా ‘దుష్ప్రవర్తన’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. 1941లో బాయింటన్ క్యాబ్ కేసులో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఇచ్చిన నిర్వచనాన్ని తర్వాత చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి. యజమాని ప్రయోజనాలను కావాలని, తెలిసి తెలిసీ లెక్కచేయకపోవడమే దుష్ప్రవర్తన అని అది చెప్పింది. చేతకానితనం, ఎప్పుడో ఒకసారి జరిగిన అజాగ్రత్త, సదుద్దేశంతో చేసిన పొరపాటు నిర్ణయం దాని కిందికి రావు.

2013లో రాష్ట్రం ‘గణనీయమైన తప్పు’ అనే మరో అనర్హతను చేర్చింది. దాని కింద వచ్చిన ఒక కేసు అందరూ తెలుసుకోదగ్గది. మాడిసన్‌లో ఒక మందుల దుకాణం కౌంటరులో పనిచేసిన ఉద్యోగిని 21 నెలల్లో సుమారు 80,000 నగదు లావాదేవీలు చేసింది. వాటిలో 8 పొరపాట్లు జరిగాయి. వాటి మీదే ఉద్యోగం పోయింది, భృతీ పోయింది. అప్పీలు కమిషన్ కూడా కాదంది. చివరికి 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు అవి పరాకున జరిగిన పొరపాట్లేననీ, ఆమెకు భృతి ఇవ్వాల్సిందేననీ తీర్పునిచ్చింది. ఉద్యోగం పోయింది 2014లో. మూడేళ్ల తర్వాత దక్కిన న్యాయం న్యాయమే, కానీ నిరుద్యోగ భృతి పుట్టింది మూడేళ్లు ఆగి అందుకోవడానికి కాదు.

ఈ ఆలస్యాన్ని కొంతవరకు అరికట్టింది 1971 నాటి జావా కేసు. ప్రాథమికంగా అర్హత తేలి భృతి మంజూరైన తర్వాత, యజమాని అప్పీలు చేశాడన్న కారణంతో చెల్లింపు ఆపే కాలిఫోర్నియా నిబంధన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఈ వ్యవస్థలో కార్మికునికి దక్కిన అతి విలువైన రక్షణ ఇదేనని నా అభిప్రాయం. 2011లో అమెరికా కాంగ్రెస్ యజమానుల విషయంలో మరో మరమ్మతు చేసింది. నోటీసులకు సకాలంలో, సరిపడా సమాచారం ఇవ్వకుండా ఉండటం ఎవరికైనా అలవాటైతే, ఆ కారణంగా తప్పుగా వెళ్లిన భృతి భారాన్ని వారి ఖాతా నుంచి తీసేయకూడదని రాష్ట్రాలను ఆదేశించింది. అప్పటిదాకా నోటీసు దశలో మౌనంగా ఉండి అప్పీలులో గెలిచి ఖర్చు తప్పించుకోవడం సాధ్యమయ్యేది.

శాఖకూ యజమానులకూ మధ్య ఉన్నదంతా తగవే అనుకోకూడదు. విస్కాన్సిన్‌లో కార్మికుల వైపు ఐదుగురు, యాజమాన్యాల వైపు ఐదుగురు సభ్యులున్న సలహా మండలి చట్ట మార్పులను చర్చించి, ఇరుపక్షాలూ ఒప్పుకున్న బిల్లును శాసనసభకు పంపే సంప్రదాయం ఉంది. పని తగ్గినప్పుడు కొందరిని తీసేయకుండా అందరి పనిగంటలూ తగ్గించి, ఆ లోటుకు పాక్షిక భృతి ఇచ్చే పద్ధతి కూడా యజమానులతో ఒప్పందం మీదే నడుస్తుంది. 1978లో కాలిఫోర్నియా మొదలుపెట్టిన ఈ పద్ధతే కామన్స్ కోరికకు అతి దగ్గరది.

అమెరికాలో హెచ్‌-1బి వీసా మీద ఉన్న తెలుగువారికి ఇందులో ఒక చేదు నిజం ఉంది. వారి జీతాల మీదా యజమాని ఈ పన్ను కడతాడు. ఉద్యోగం పోతే మాత్రం, పనిచేసే అనుమతి ఆ యజమానికే ముడిపడి ఉన్నందువల్ల ‘పనికి సిద్ధంగా ఉన్నవారు’ కింద సాధారణంగా లెక్కలోకి రారు. కొత్త ఉద్యోగం చూసుకోవడానికి ఉన్న 60 రోజుల గడువే వారికి మిగిలేది.

మన దగ్గర ఈఎస్ఐ కింద యజమాని చందా 3.25 శాతం. పది మందిని తీసేసినా, ఒక్కరినీ తీసేయకపోయినా అదే రేటు. 2018లో ఈఎస్ఐ కిందే వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉద్యోగం పోయినవారికి 90 రోజుల వరకు సగటు సంపాదనలో 25 శాతం ఇచ్చేది. 2020లో దాన్ని 50 శాతానికి పెంచారు. పాత యజమాని ద్వారా పంపాల్సిన దరఖాస్తును కార్మికుడే నేరుగా ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో ఇవ్వవచ్చన్నారు. మనవారు ఎప్పుడైనా విస్కాన్సిన్ తరహా ఖాతాలను తేదలిస్తే, ఈ నేరు దరఖాస్తు హక్కునూ, అప్పీలు నడుస్తున్నా చెల్లింపు ఆగదన్న జావా నియమాన్నీ ముందుగా చట్టంలో రాయాలి. ఆ రెండూ లేకుండా యజమాని ఖాతాను తేవడం ఎంతమాత్రం తగదు.