జామకాయపై నల్లి: కణజాలహాని, దాని చరిత్ర

జామకాయ తోలుపై గోధుమవన్నెతో, బెరడువలె గరుకుగా ప్రాకు మచ్చలను చూచినవారు సాధారణముగా తెగులనియే తలంతురు. కాని వానిలో కొన్ని కంటికి ఆనని నల్లి చేసిన గాయములు. బత్తాయితోటల రైతులు ఇట్టి మచ్చను మంగు అనియు, దానిని కలిగించు జీవిని మంగునల్లి యనియు వ్యవహరింతురు. బత్తాయి నల్లి వేఱు, జామ నల్లి వేఱు. అయినను ముఖమున పొడసూపు మంగుతో పోల్చి పెట్టిన ఆ పేరు జామకును మిక్కిలి తగియున్నది.

ఉష్ణమండలపు అమెరికాలో పుట్టి, పోర్చుగీసువారివలన భారతదేశము చేరిన జామ, మెతుకుసీమ యనబడు మెదకు ప్రాంతమున ఎంతగా వేరూనినదనగా, పూర్వపు మెదకు జిల్లాలోని కోహిర్ పేరనే ఒక రకము ప్రసిద్ధి కెక్కినది. సంగారెడ్డిలోని ఫలపరిశోధన కేంద్రమువారు దానిని అలహాబాదు సఫేదాతో సంకరపఱచి 'సఫేద్ జామ్', 'కోహిర్ సఫేదా' అను రకములను రూపొందించిరి. నునుపైన తోలునకు వెలకట్టు మెదకు పట్టణపు బజారులో గరుకుమచ్చ పడిన కాయకు, లోపలి గుజ్జు చెడకున్నను, ధర తగ్గును.

జామను ఆశ్రయించు నల్లులలో ముఖ్యమైన బ్రెవిపాల్పస్ ఫీనిసిస్ అను చదునైన ఎఱ్ఱని నల్లిని 1939లో గైస్కెస్ వర్ణించెను. దాని జీవితక్రమమును హవాయిలో హారమోటో 1969లో వివరించెను. మగతోడు లేకయే సంతతి పెంచుకొను ఈ జీవిలో ఆడవి ఏకస్థితిక (ఒంటివరుస) క్రోమోసోములు కలవి యనియు, అందులకు వాని శరీరమందలి బాక్టీరియా కారణమనియు 2001లో వెల్లడి కాగా, ఒక్క పేరు క్రింద పెక్కు జాతులు దాగియున్నవని 2015లో తేలినది. కావున పాత నివేదికలలోని ఆ పేరును నేడు జాగ్రత్తతో చదువవలెను.

ఇక గాయము సంగతి. నల్లి తన సూదులవంటి నోటి అవయవములను బాహ్యచర్మపు కణములలో గ్రుచ్చి, అందలి సారమును పీల్చివేయగా, డొల్లయైన కణము కుంగి చచ్చును. దానిలోని టానిన్ మొదలగునవి గాలి సోకి గోధుమవన్నె దాల్చును. అంతట క్రిందనున్న సజీవకణములు విభజన నొంది, నీరు జొరని బెండుపొరను కట్టి, గాయమును మూసివేయును. మనకు కనబడు గరుకుదనము నల్లి కట్టినది కాదు, కాయ తన్ను తాను కాచుకొనుటకు కట్టుకొన్న గోడ! కాని కాయ పెరుగును, బెండు సాగదు; కనుక లేతకాయకు తగిలిన గాయమే పెద్దదై, నెఱ్ఱెలు విచ్చి, శిలీంధ్రములకు త్రోవ యిచ్చును. గుజ్జులో పంటికి తగులు రాతికణములు మాత్రము జామకు సహజములే. వానికి నల్లితో సంబంధము లేదు.

టీ దోమ యను పురుగు కుట్టిన కాయయు గజ్జివలె పొక్కుట చేత, కారణమును గుర్తింపక మందు చల్లుట వ్యర్థము. బెండు గట్టిన పిదప ఏ మందును దానిని మాన్పజాలదు. కాయ కొనయందలి రక్షకపత్రముల చాటున భూతద్దముతో వెదకినచో, నల్లి యున్నయెడల నారింజ వన్నె కోలగ్రుడ్లు కానవచ్చును.