కోరంగి రేవు దాటిన ఉగాది

మా నాన్నగారు కువైట్‌లో పని చేస్తారు. అక్కడ ఉగాదికి సెలవు లేదు. అందుకని ఆయనా, ఆయన గదిలో ఉండే మనవాళ్లూ ఉగాది వెళ్లాక వచ్చే శుక్రవారం పచ్చడి చేసుకుంటారు. కిందటేడు ఫోన్లో ఆ గిన్నె చూపిస్తే మా మామ్మ మొహం చిన్నబోయింది. "పాడ్యమి దాటిపోయాక అదేం ఉగాదిరా?" అంది. "సెలవుండాలి కదమ్మా" అన్నారు నాన్న. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. సెలవు లేని ఉగాది మన వైపు వాళ్లకి కొత్త కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను.

యానాం నుంచి కాకినాడ వెళ్లే బస్సు కోరంగి మీదుగా వెళ్తుంది. ఇప్పుడు అక్కడ దిగేవాళ్లు ఎక్కువగా మడ అడవులు చూడ్డానికే దిగుతారు. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుఫానులు దాన్ని దెబ్బతీశాయి. ఆ రేవులో ఓడెక్కి మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లకి అక్కడ 'కోరంగీలు' అని పేరు పడిపోయింది. విశాఖపట్నం వైపు నుంచి కూడా వెళ్లారు. ఆ ద్వీపంలో ఈనాటికీ సింహాద్రి అప్పన్నని కొలుస్తున్నారంటే, అమ్మోరు పండగ చేస్తున్నారంటే, ఆ ఊళ్ల వాసన ఇంకా పోలేదన్నమాట.

మారిషస్ కూడా మన యానాంలాగే ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. 1810లో ఇంగ్లీషువాళ్లు దాన్ని గెలుచుకున్నారు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకి పనివాళ్లు కావలసివచ్చి, 1834 నుంచే మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తెప్పించుకోవడం మొదలుపెట్టారు. 1920 వరకు దాదాపు 5 లక్షలమంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆ చోటునే ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వచ్చినవాళ్లలో బీహారు ప్రాంతం వాళ్లే ఎక్కువ. తెలుగువాళ్లు కొద్దిమందే.

మొదట్లో వచ్చినవాళ్ల ఒప్పందం ఐదేళ్లకి. మగవాళ్లకి నెల జీతం 5 రూపాయలు. అంతకంటే నన్ను బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని 'డబుల్ కట్' అనేవారు. అనుమతి లేకుండా ఒకరోజు పని మానేస్తే, ఆ రోజు కూలీ పోవడమే కాదు, ఇంకోరోజు కూలీ కూడా కోసేవారు. ఒంట్లో బాగోకపోయినా చాలాచోట్ల ఇదే లెక్క. అంటే పాడ్యమి నాడు పొద్దున్నే తలంటుకుని, దేవుడి దగ్గర కూర్చుని, పనికి వెళ్లకపోతే ఆ పండగ ఖరీదు రెండు రోజుల తిండి. మా మామ్మకి ఈ సంగతి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మారిషస్ తెలుగువాళ్లలో రామభజనం అని ఒకటుంది. దీపం పెట్టి దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. పగలు తోటది, రాత్రి మాత్రమే తమది కాబట్టి ఆ భజన అంత బలంగా నిలిచిందేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఉగాదికి అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. మనకి వసంతం వచ్చేసరికి వాళ్లకి వేసవి అయిపోతుంది. మామిడి అక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాస్తుంది. చైత్రమాసానికి మనకి పిందెలు దిగుతుంటే వాళ్లకి పండ్లు అయిపోయి ఉంటాయి. కొత్త చిగురు లేదు, కోయిల కూత లేదు. అయినా వాళ్లు పండగని తమ వసంతానికి మార్చుకోలేదు. పంచాంగం చెప్పిన రోజునే చేశారు. ఇంట్లో మాట క్రియోల్ అయిపోయి, పిల్లలు తెలుగుని బడిలో నేర్చుకోవలసి వచ్చినా పాడ్యమి మాత్రం మారలేదు.

మారిషస్‌కి 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. ఇప్పుడు ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. తమిళులకి కావడి, మరాఠీలకి వినాయక చవితి, తెలుగువాళ్లకి ఉగాది. ఆ రోజు చైనావాళ్ల కొట్లలో పనిచేసేవాళ్లకీ, మసీదు పక్క బడిలో పిల్లలకీ సెలవే. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. ఒకరోజు మానేస్తే రెండు రోజుల కూలీ పోయిన చోట ఇప్పుడు ప్రభుత్వమే ఆ రోజు ఆఫీసులు మూస్తోంది.

ఇదంతా విన్నాక మామ్మ, "వాళ్లు రోజు మార్చలేదు, చూశావా" అంది నాతో. నేను, "వాళ్లూ మొదట్లో పని ముగించుకుని రాత్రికి చేసుకుని ఉంటారు మామ్మా" అన్నాను. దానికి ఒప్పుకుందో లేదో తెలీదు. కానీ ఈ ఏడు మా వీధి చివర వేపచెట్టు పూసినప్పుడు గుడ్డ పరిచి, రాలిన పువ్వంతా ఏరి నీడలో ఆరబెట్టింది. కువైట్ వెళ్తున్న పక్కింటి అన్నయ్య చేతికి పొట్లం ఇచ్చి, "పాడ్యమి నాడు పనికెళ్లే ముందు ఒక చెంచాడైనా నోట్లో వేసుకోమని చెప్పు. మిగతాది శుక్రవారం చేసుకోమను" అంది.