‘ఇజ్న్’ ఎవరిది? – సంతాన నిర్ణయ చరిత్రలో ఒక పాత ప్రశ్న

మదరసాలలో నేటికీ బోధింపబడుతున్న హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ‘హిదాయా’ ప్రముఖమైనది. అల్లామా బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి. 593/క్రీ.శ. 1197) రచించిన ఈ గ్రంథంలో బానిసల వివాహాలను గురించిన అధ్యాయం ఒకటి ఉన్నది. బానిసత్వం లేని కాలంలో ఇది మనకెందుకని విద్యార్థులు ఆ పుటలను త్వరగా దాటిపోతారు. ఒకనాడు నేనూ దాటిపోయాను. అనువాదం చేయవలసి వచ్చినప్పుడు మాత్రం అందులోని ఒక చిన్న మాట దగ్గర ఆగిపోవలసి వచ్చింది.

ఆ మాట ‘ఇజ్న్’. అనగా అనుమతి. సందర్భం ‘అజ్ల్’, అంటే గర్భం రాకుండా వీర్యాన్ని వెలుపల విడవడం. దివ్య ఖుర్‌ఆన్ అవతరిస్తున్న రోజులలోనే తాము అజ్ల్ చేసేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపిన హదీసు ప్రసిద్ధమైనదే. దీని ఆధారంగా ధర్మవేత్తలలో అధికులు దానిని నిషిద్ధమనలేదు. ఇబ్నె హజ్మ్ వంటివారు మాత్రం నిషేధించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో అజ్ల్‌కు గల కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, భార్య ఆరోగ్యాన్ని, కుటుంబ భారాన్ని దృష్టిలో ఉంచుకొని చేయడంలో దోషం లేదన్నారు. ఆడపిల్ల పుడుతుందనే భయంతో చేయడాన్ని ఖండించారు. ఈ చర్చలన్నిటినీ, మధ్యయుగాల వైద్యగ్రంథాలతో సహా, బాసిమ్ ముసల్లమ్ 1983లో ఒక గ్రంథంగా వెలువరించిన తరువాత విశ్వవిద్యాలయాలలో ఈ అంశంపై కొత్త ఆసక్తి కలిగింది.

అయితే అజ్ల్ చెల్లుతుందా లేదా అనే ప్రశ్నతోనే చర్చ ముగియలేదు. స్వతంత్ర స్త్రీ విషయంలో ఆమె అనుమతి అవసరమని హనఫీ, మాలికీ, హంబలీ ధర్మవేత్తలలో అధికులు భావించారు. దాంపత్యంలోనూ సంతానంలోనూ ఆమెకు హక్కు ఉన్నదనేది దీనికి మూలం. మరి ఇతరుని బానిసయైన స్త్రీని వివాహమాడితే అనుమతి ఎవరిది? హిదాయాలో రెండు సమాధానాలున్నాయి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయంలో అది యజమానిది. ఎందుకంటే పుట్టబోయే బిడ్డపై హక్కు యజమానికి చెందుతుంది. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల నుండి వచ్చిన అభిప్రాయంలో అనుమతి ఆ స్త్రీదే. దాంపత్యం ఆమె హక్కు గనుక.

ఈ భేదం స్వల్పమైనది కాదు. బిడ్డ మరొకరి సొత్తు అయినచోట తల్లి అనుమతికి విలువ ఉండదని మొదటి సమాధానం తెలియజేస్తున్నది. బానిస అయినా ఆమె మనిషేనని రెండవది గుర్తుచేస్తున్నది. ఇస్లామీయ సమాజాలలో ఈ విషయంలో అంతా సవ్యంగానే జరిగిందని మనం చెప్పుకోనక్కరలేదు. ప్రశ్నను మాత్రం మన ఇమాములు దాచిపెట్టలేదు.

ఈ ప్రశ్న ఇతర దేశాలలోనూ తలెత్తింది. 1662లో అమెరికాలోని వర్జీనియా శాసనం బిడ్డ స్థితిని తల్లి స్థితిని బట్టి నిర్ణయించింది. బానిస కడుపున పుట్టినవాడు బానిసయే. అట్టి చరిత్ర గల నల్లజాతి స్త్రీలే 1994లో షికాగోలో సమావేశమై ‘ప్రత్యుత్పత్తి న్యాయం’ అనే భావనను ప్రతిపాదించారు. బిడ్డను కనే హక్కు, కనకుండా ఉండే హక్కు, కన్న బిడ్డను సురక్షితంగా పెంచుకునే హక్కు – ఈ మూడూ విడదీయరానివని వారి వాదన.

ఇక మన దేశం సంగతి. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77లో, 82 లక్షలకు పైగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో సుమారు 62 లక్షలు పురుషులకు జరిగినవే. ఢిల్లీ జామా మసీదు సమీపాన దుజానా హౌస్ శిబిరం, 1976 నవంబరులో పోలీసులు చుట్టుముట్టిన హర్యానాలోని మేవ్ ముస్లిముల గ్రామం ఉటావర్ – ఇవి మరపునకు రానివి. ముస్లిములు మాత్రమే కాదు, దళితులు, పేదలు అందరూ బాధితులే. శాశ్వత శస్త్రచికిత్స ధర్మసమ్మతమా అనే చర్చ వేరు. ఇక్కడ జరిగినది, ప్రభుత్వం యజమాని స్థానంలో కూర్చొని ఇజ్న్‌ను తన చేతిలోకి తీసుకోవడం. షా కమిషన్ నివేదికలు ఈ బలవంతాన్ని నమోదు చేశాయి.

1977 తరువాత పురుషులపై ఒత్తిడి తగ్గింది. భారం మాత్రం స్త్రీలపైకి మరలింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేశారు. వారిలో పదిమందికి పైగా మరణించారు. మూడేళ్లలోగా ఇట్టి శిబిరాలను నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

మన తెలుగునాట ఇద్దరికి మించి సంతానం గలవారు పంచాయతీ ఎన్నికలకు అనర్హులని 1994 చట్టం చెప్పింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించింది. అంతకు ముందు నెలలోనే ఎక్కువమందిని కనవలసిందిగా ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. పురుషులలో ఒక్క శాతం కూడా లేరు. నిన్న వద్దన్నదీ, నేడు కావాలన్నదీ లెక్కల కోసమే.

ప్రభుత్వాలను ప్రశ్నించే మనం మన ఇళ్లనూ చూసుకోవాలి. కోడలు ఎందరిని కనాలో అత్తగారో, భర్తో నిర్ణయించి, ఆమెను అడగకపోతే, మనం ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తున్నట్లు? బానిస స్త్రీకి సైతం ఇద్దరు ఇమాములు ఇచ్చిన ఇజ్న్‌ను, స్వతంత్రురాలైన మన ఇంటి ఆడబిడ్డకు మనం నిరాకరించడం న్యాయమేనా?