ఓటు యంత్రమునకు పెట్టు పరీక్ష

1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె యుండెడిది. పెట్టెపై గుర్తు అంటించి యుండెడిది. ఓటరు తనకు నచ్చినవాని పెట్టెలో కాగితము వేసి వచ్చెడివాడు. పోలింగు మొదలగుటకు ముందు అధికారి పెట్టెలు తెరచి, లోపల ఏమియు లేదని ఏజంట్లకు చూపి, ముద్ర వేయవలసియుండెను. చూచుటకు స్వల్పమైన పనియే. కాని దానిలో గొప్ప యుక్తి కలదు: ఆరంభమున పెట్టె ఖాళీగా నున్నదని తేలనిదే సాయంకాలపు లెక్కకు అర్థము లేదు.

ఈ చిన్న పరీక్ష ఎట్లు పెరిగి పెద్దదైనదో తెలిసికొనుటకు నంద్యాల లోక్‌సభ స్థానమును, దానిలో చేరిన ఆళ్లగడ్డ శాసనసభ స్థానమును చూచిన చాలును. 1991 నవంబరులో, అప్పటికే ప్రధానమంత్రిగా నున్న పి. వి. నరసింహారావుగారు నంద్యాల ఉప ఎన్నికలో నిలిచిరి. కాగితపు కట్టలు విప్పి లెక్కించి, సుమారు 5 లక్షల 80 వేల ఆధిక్యమని ప్రకటించిరి. అంత ఆధిక్యమున్న చోట నూరు కాగితములు అటు నిటైనను అడుగువారుండరు. కొద్ది ఓట్లతో గెలుపోటములు తేలు చోటనే లెక్కించు పద్ధతి బోనెక్కవలసివచ్చును.

యంత్రము బోనెక్కినది కూడ. 1977లో ఎన్నికల సంఘము కోరగా హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ 1979 నాటికి నమూనా యంత్రమును సిద్ధపరచినది. 1982 మే 19న కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 కేంద్రములలో దానిని మొదటిసారి వాడిరి. యంత్రములను వాడుటకు చట్టములో ఆధారము లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆ కేంద్రములలో కాగితములతో మరల పోలింగు జరిగి ఫలితమే మారినది. 1988లో చట్టమును సవరించిరి. 2004 ఎన్నికలలో దేశమంతట యంత్రములే. నంద్యాల, ఆళ్లగడ్డ ఓటర్లును నాడు మీట నొక్కిరి.

ఇక్కడనే అసలు చిక్కు వచ్చినది. పెట్టె మూత తెరచి చూపవచ్చును. కంట్రోల్ యూనిట్ జ్ఞాపకములోనికి ఎవరు తొంగిచూడగలరు? అందుచేత పరీక్ష రూపు మారినది. పోలింగునకు ముందు ఏజంట్ల యెదుట యంత్రమున అంకెలన్నియు సున్నలని చూపవలెను. పిమ్మట కనీసము 50 ఓట్లు నమూనాగా వేయవలెను. ఎవరికెన్ని వేసిరో వేరుగ వ్రాసికొని, యంత్రము చెప్పిన ఫలితముతో సరిచూడవలెను. తరువాత ‘క్లియర్’ మీట నొక్కి, ఆ ఓట్లను తుడిచివేసి, మరల సున్నలు చూపవలెను.

నా దృష్టిలో ఈ కడపటి మెట్టే అన్నిటికంటె ముఖ్యమైనది. అధికారి హడావుడిలో దానిని మరచినచో నమూనా ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోవును. యంత్రము అబద్ధమాడలేదు, కాని లెక్క చెడినది, చెరచినది పరీక్షయే. ఇట్టి మరపులు జరుగుటచేతనే ఎన్నికల సంఘము ఒక నియమమేర్పరచినది. అట్టి యంత్రమును లెక్కింపులో ప్రక్కన నుంచవలెను. గెలుపు ఆధిక్యము ఆ కేంద్రమున పోలైన ఓట్లకు మించనప్పుడే దాని సంగతి విచారింపవలెను.

కంప్యూటరు ఎరిగినవారికి ఈ కథ క్రొత్తది కాదు. బ్యాంకు పద్దులు, రైలు రిజర్వేషన్లు నేడు డేటాబేసు సర్వర్లలో నున్నవి. వానిని పరీక్షించునది మనుష్యుడు కాదు, ప్రోగ్రాములే. వేలకొలది పరీక్షలు తమంతట తామే నడచును. ఒక పరీక్ష వ్రాసిన పద్దు మిగిలిపోయినచో తరువాతి పరీక్ష తప్పు చూపును. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసుతో వచ్చు పరీక్షలు తాత్కాలికముగా క్రొత్త సర్వరును నెలకొల్పి, వచ్చిన జవాబును ముందే వ్రాసియుంచిన జవాబుతో పంక్తికి పంక్తి పోల్చిచూచుటకు వీలు కల్పించినవి. అక్కడను మోసములు కలవు. క్రమము కోరని ప్రశ్నకు పద్దులు నేడొక వరుసలో, రేపొక వరుసలో రావచ్చును. అయిదు సెకన్లు ఆగుమని వ్రాసిన పరీక్ష సర్వరు మందగించిన నాడు తప్పును; పని ముగిసిన గుర్తు కనబడువరకు ఆగుమనుటయే మేలు. ఒకమారు తప్పి మరుమారు నెగ్గిన పరీక్షను ‘నెగ్గినది గదా’ యని విడిచిపెట్టుట మాత్రము సోమరితనము.

పరిసరములును పరీక్షను తారుమారు చేయగలవు. 2018 మే 28న ఉత్తరప్రదేశ్‌లోని కైరానాలో, మహారాష్ట్రలోని భండారా-గోందియాలో ఉప ఎన్నికలు జరుగగా, ఓటు చీటిని ముద్రించు వీవీప్యాట్ యంత్రములు అనేకము మొరాయించెను. లోపలి సెన్సరుపై వెలుగు సూటిగా పడుటయు, కాగితమునకు తేమ తగులుటయు కారణములని సంఘము చెప్పినది.

ఆ వీవీప్యాట్ ఆంధ్రప్రదేశ్‌లో మొదట అడుగుపెట్టినది నంద్యాలలోనే. 2017 ఆగస్టు 23న జరిగిన శాసనసభ ఉప ఎన్నికలో 255 కేంద్రములలో దానిని నెలకొల్పిరి. మీట నొక్కగనే అభ్యర్థి సంఖ్య, పేరు, గుర్తుగల చీటి అద్దము వెనుక ఏడు సెకన్లు నిలిచి, తెగి పెట్టెలో పడును. అంతవరకు యంత్రము చెప్పిన లెక్కకు యంత్రమే సాక్షి. నాటినుండి కాగితము రెండవ సాక్షియైనది. నమూనా ఓట్ల చీటీలను కూడ తీసి, వెనుక ముద్ర వేసి, నల్లని కవరులో సీలు చేయవలెను.

పేరునకును అంకెకును గల సంబంధము ఎట్టిదో ఆళ్లగడ్డ 2014లో చూచినది. ఏప్రిల్ 24న అభ్యర్థిని శోభా నాగిరెడ్డి మరణించిరి. మే 7 పోలింగున ఆమె పేరు యంత్రముపై అట్లే యుండి, ఆమెయే గెలిచిరి. పేరు ఉండునది బ్యాలెట్ యూనిట్‌పై అతికించిన కాగితమున. కంట్రోల్ యూనిట్ ఎరిగినది మీట అంకె మాత్రమే. కావున ఏ మీటకు ఏ పేరో సరిచూచుటయు నమూనా పోలింగు పనియే. ఆ నవంబరు ఉప ఎన్నిక ఏకగ్రీవము కాగా అక్కడ యంత్రమునకు పనియే లేకపోయెను!

రెండవ సాక్షి యున్నంతనే చాలదు, దానిని అడుగవలెను. శాసనసభ స్థానమునకు ఒక్క కేంద్రపు చీటీలు లెక్కించుట చాలదనియు, చీటి వేసి తీసిన అయిదు కేంద్రములవి లెక్కింపవలెననియు సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ఆదేశించినది. మూడు దినముల పిమ్మట, 11న, నంద్యాలయందును ఆళ్లగడ్డయందును పోలింగు జరిగినది. అన్ని చీటీలను లెక్కింపవలెనను కోరికను అదే న్యాయస్థానము 2024 ఏప్రిల్ 26న త్రోసిపుచ్చినది. కాని రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు వ్రాతపూర్వకముగా కోరినచో, శాసనసభ స్థానమునకు నూటికి అయిదు యంత్రముల జ్ఞాపకభాగమును ఇంజనీర్లచే పరిశీలింపజేయుటకు అనుమతించినది.