రబ్బరు ముద్రతో ఈద్ ముబారక్

పండుగ నాలుగు రోజులుందనగా వీధి అరుగు మీద కూర్చుని పోస్టుమాన్ కోసం ఎదురు చూసిన రోజులు నా వయసు వారికి గుర్తుండే వుంటాయి. నేటి పిల్లలకు ఈద్ కార్డు అంటే ఏమిటో విడమరిచి చెప్పవలసి వస్తోంది. నెలవంక కనిపించిన మరుక్షణం సెల్‌ఫోనులో వంద శుభాకాంక్షలు వచ్చి పడతాయి. నాకూ వస్తాయి, నేనూ పంపుతాను. దానిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అచ్చు కార్డులు కొనే స్తోమత లేని ఇళ్ళలో కార్డులు ఎలా తయారయ్యేవో, అందులో రబ్బరు ముద్ర ఏ విధంగా ఉపయోగపడిందో రాసి పెడదామని మాత్రమే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. పండుగకు కార్డు పంపుకునే పద్ధతి మన పెద్దలు కనిపెట్టినది కాదు. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి క్రిస్మసు ఉత్తరాలకు విడివిడిగా జవాబులు రాసే తీరిక లేక, హార్స్లీ అనే చిత్రకారుని చేత బొమ్మ గీయించి, రాతి అచ్చు మీద సుమారు వెయ్యి కార్డులు వేయించి, చేత్తో రంగులు అద్దించాడు. ఒక్కొక్కటి ఒక షిల్లింగు. అప్పటికి మూడేళ్ళ ముందే ఆ దేశంలో పెన్నీ తపాలా వచ్చింది. తపాలా చవక కానిదే కార్డులు ఎక్కడివి? మన దేశంలోనూ అంతే. 1854లో దూరంతో నిమిత్తం లేకుండా అర్ధణా తపాలా వచ్చింది. 1879 జూలై 1న పావు అణా పోస్టుకార్డు వచ్చింది, అంటే ఒక్క కాణీ. ఆ కాణీ కార్డు వచ్చాకనే బీదవాడికి ఉత్తరం రాసే యోగం పట్టింది.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలలో లాహోరులోని హాఫిజ్ ఖమరుద్దీన్ అండ్ సన్స్, బొంబాయిలోని బోల్టన్ ఫైన్ ఆర్ట్ లిథో వర్క్స్ వంటి సంస్థలు ఈద్ కార్డులు వేసి అమ్మాయి. మసీదులు, నెలవంకలు, పూలతీగలు సరే. వీటితో పాటు ఇంకో రకం కూడా వుండేది. ఐరోపాలో అచ్చయిన బొమ్మల కార్డులు తెచ్చి, వాటి మీద ఉర్దూలో ఈద్ శుభాకాంక్షలు ఒత్తి అమ్మేవారు. బొమ్మ పరాయి దేశానిది, పండుగ మనది. రెండింటినీ కలిపినది ఆ ఒక్క ముద్ర!

ఉత్తరానికి ముద్ర వేయడం మనకు కొత్త కాదు. దైవప్రవక్త (స) పరదేశపు రాజులకు లేఖలు రాయ సంకల్పించినప్పుడు, ముద్ర లేని లేఖను వారు స్వీకరించరని అనుచరులు విన్నవించగా, ‘ముహమ్మద్ రసూలుల్లాహ్’ అని మూడు వరుసలలో చెక్కిన వెండి ఉంగరం చేయించారని హదీసులలో వుంది. ఆ ఉంగరం తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో అరీస్ బావిలో పడిపోయింది, ఎంత వెదికినా దొరకలేదు. గోలకొండ నవాబుల ఫర్మానాలకూ మోహరే ప్రాణం. అయితే ఇవన్నీ ప్రభువుల ముద్రలు. రాయి మీదో లోహం మీదో అక్షరాలను తిరగేసి చెక్కగల పనివాడు కావాలి, వాడికి కూలి ఇచ్చుకోగల స్తోమత కావాలి.

ముద్ర సామాన్యుడి చేతికి వచ్చింది రబ్బరు వల్ల. రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్నాడు. 1844లో పేటెంటు పొందాడు. మొట్టమొదటి రబ్బరు ముద్ర ఎవరు చేశారన్నది ఇప్పటికీ తేలని తగాదాయే. ఎక్కువమంది 1860ల నడిమి కాలం నాటి జేమ్స్ వుడ్‌రఫ్ పేరు చెబుతారు. తమాషా ఏమంటే, పళ్ళ డాక్టర్లు కట్టుడు పళ్ళకు రబ్బరు చిగుళ్ళు ఉడికించుకునే చిన్న పాత్రలలోనే తొలినాటి ముద్రలు కూడా ఉడికాయి.

పని ఎలా జరిగేదంటే, ప్రెస్సులోని సీసపు అక్షరాలు కూర్చి, వాటిని మెత్తని ప్లాస్టరు ముద్దలోకి ఒత్తేవారు. అది ఆరి గట్టిపడ్డాక దాని మీద పచ్చి రబ్బరు పలక పరిచి, బిగించి, వేడి పెట్టేవారు. సీసపు అక్షరం తిరగేసి వుంటుంది, ప్లాస్టరులో సరిగా పడుతుంది, రబ్బరులో మళ్ళీ తిరగబడుతుంది, కాగితం మీద చక్కగా కనబడుతుంది. ఆ రబ్బరును కత్తిరించి చెక్కపిడికి అతికిస్తే స్టాంపు తయారు.

ఇక్కడే ఉర్దూకు ఒక చిక్కు వచ్చింది. నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదానిపైనుంచి ఒకటి జారుతూ ఎడమ వైపుకు దిగుతాయి. దానిని సీసపు ముక్కలుగా విడగొట్టి కూర్చడం ఎవరికీ తృప్తిగా కుదరలేదు. అందుకే ఉర్దూ పత్రికలూ పుస్తకాలూ కాతిబు చేత్తో రాస్తే, ఆ రాతను రాతి మీదికి ఎక్కించి అచ్చు వేసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు యంత్రానికి ఎక్కేదాకా ఇదే పద్ధతి. కనుక ఉర్దూ స్టాంపు కావాలంటే ముందు కాతిబు రాయాలి, దానికి జింకు బ్లాకు చేయించాలి, ఆ తరువాతే రబ్బరు. తెలుగుకు ఆ బాధ లేదు. ఏ ప్రెస్సులోనైనా అక్షరాలు సిద్ధంగా వుండేవి.

మా బందరు ఇంట్లో రగడ సరిగ్గా దీని మీదే వచ్చింది. నేను ఏడో తరగతిలో వున్నప్పుడు నాన్నగారు తెలుగులో ‘ఈద్ ముబారక్’ అని ఒక స్టాంపు చేయించి తెచ్చారు. పెదనాన్నగారు దాన్ని చూసి, “పండుగ మాట తెలుగు అక్షరాల్లోనా? నలుగురూ ఏమనుకుంటారు?” అని మండిపడ్డారు. నాన్నగారు నెమ్మదిగానే అన్నారు: “భాయ్‌జాన్, మన చుట్టాల్లో సగం మందికి వచ్చింది తెలుగే కదా. చదువుకోలేని కార్డు పంపి ఏం లాభం?” ఆయన మాట నిజమే. కోస్తా జిల్లాలలో నూర్‌బాషా కుటుంబాలు మొదలుకొని ఎందరి ఇళ్ళలోనో తల్లిభాషే తెలుగు. కానీ పెదనాన్నగారి బాధ కూడా ఉత్తదేమీ కాదు. ఉర్దూ బడికి పిల్లలు తగ్గిపోతున్నారన్న దిగులు ఆయనది.

రాజీ మార్గంగా రెండు లిపులూ వేద్దామనుకున్నారు. ఉర్దూ జింకు బ్లాకుకు డబ్బు లేదు. నేను ఉత్సాహపడి, పెద్ద రబ్బరు ఒకటి కొని, బ్లేడుతో ఉర్దూ అక్షరాలు చెక్కాను. రాత్రంతా కూర్చుని ముప్ఫై పోస్టుకార్డుల మీద ఊదా ఇంకుతో ఒత్తేశాను. తెల్లారి చూస్తే ఉర్దూ అంతా తిరగబడి వుంది! సరిగా చెక్కాను కాబట్టి తప్పుగా పడింది. ముప్ఫై కార్డులంటే అప్పుడు మాకు చిన్న ఖర్చు కాదు, తపాలా సొమ్ము కార్డులోనే కలిసి వుంటుంది గదా. నాన్నగారు తిట్టలేదు. ఒక్కొక్క కార్డు కింద కలంతో, “మా అబ్బాయి చెక్కాడు, అద్దంలో చూసి చదువుకోగలరు” అని రాసి ముప్ఫయ్యీ డబ్బాలో వేయించారు.

తిరగేసి చెక్కడం నాకు నేర్పింది పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒక పెద్దాయన. నూనె కాగితం మీద రాసి, దాన్ని బోర్లించి, వెనకనుంచి కనబడే గీతనే టేకు చెక్క మీదికి దించుకోవాలన్నాడు. ఆ కాగితపు కిటుకు తెలిశాక ఉర్దూ, తెలుగు అన్న తేడా లేదు. అంచు విరిగి పక్కన పడేసిన పువ్వు అచ్చు ఒకటి కూడా ఇచ్చాడు. మరుసటి ఏడు మా కార్డు మూల మీద ఆ పువ్వే పడింది. ఇంకొకటీ అనుభవం మీద తెలిసింది. స్టాంపు ప్యాడు ఎండిపోకుండా ఇంకులో గ్లిజరిను కలుపుతారు. పోస్టుకార్డు దాన్ని పీల్చుకుంటుంది, నున్నటి ఆర్టు పేపరు పీల్చుకోదు, రెండు రోజులైనా వేలికి అంటుతుంది. చవక కార్డే మేలన్నమాట.

కాస్త కలిగినవారు అచ్చు కార్డులను కవరు అంటించకుండా బుక్‌పోస్టులో తక్కువ ఖర్చుతో పంపేవారు. మరీ తొందరైతే గ్రీటింగ్స్ టెలిగ్రాము. ఫారంలో 2 అంకె వేస్తే అవతలివారికి ‘ఈద్ ముబారక్’ అని చేరేది. 2013 జూలైలో టెలిగ్రామే ఆగిపోయింది. ఇవతల మనం ఇలా వదులుకుంటుండగా, అమెరికాలో 1970ల నుంచే రబ్బరు స్టాంపులతో కార్డులు చేసుకోవడం పెద్ద సరదా అయింది. దాని కోసం 1978లో పుస్తకమే వచ్చింది. మనకు గతిలేక చేసినది వారికి కాలక్షేపం!

ఇప్పుడు స్టాంపులు ఉడికించేవారు అరుదు. కంప్యూటరులో ఏ లిపి కొట్టినా, వెలుగు తగిలితే గట్టిపడే పాలిమరు మీద గంటలో చేసి ఇస్తున్నారు. నస్తాలీఖ్‌కైనా తెలుగుకైనా ఒకటే ధర. పోయిన రంజానుకు మా మనుమరాలు అలా రెండు చేయించి, ఇంట్లోనే నలభై కార్డులు చేసింది. నా పాత పెట్టె తీసి చూపించాను. నేను చెక్కిన రబ్బరు రాయిలా బిగిసి ముక్కలైంది. నాన్నగారి తెలుగు స్టాంపు మాత్రం ఇంకా పడుతోంది. కాకపోతే ‘ఈ’ దగ్గర కొంచెం గట్టిగా నొక్కాలి.